తలుపు మీది “రేపు”

ఆదివారం నాడు అబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకాల రాశుల నడుమ మా పూర్వవిద్యార్థులు తరచు కనిపిస్తారు. “సిద్ధాంత వ్యాసం ఎంతవరకు వచ్చింది?” అని అడుగుతాము. “ఇంకా సామగ్రి సేకరిస్తున్నాను సార్” అంటారు. కొందరి నోట ఐదేండ్లుగా ఇదే మాట!

వారిని నిందించడం మా ఉద్దేశం కాదు. మేమూ ఒకప్పుడు ఆ కోవలోని వారమే. ఉన్న గ్రంథాలు చాలవని మరొకటి వెదకడం, నాంపల్లి హోటళ్ళలో చాయ్ త్రాగుతూ వ్రాయవలసిన అధ్యాయాన్ని మాటలలో వ్యయపరచడం, పర్యవేక్షకుల కంటబడక తిరగడం మాకు అనుభవమే. వ్రాయనందున సిగ్గు, సిగ్గు వలన దూరం, దూరమైన కొద్దీ కలం కదలదు.

ఇంట ఉర్దూ మాట్లాడి తెలుగులో పరిశోధన చేయబూనిన వారికి మరొక జంకు. ఒక్క తప్పు దొర్లినా భాష రాదందురేమోనని తొలి పుటనే పదిమార్లు దిద్దుతారు. రెండవ పుట పుట్టనే పుట్టదు. చిత్తుప్రతి ఉన్నది తప్పులు చేయడానికే గదా!

జానపద గేయాలకు అంతున్నదా? అయినా ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు హద్దు గీసుకొని తమ వ్యాసం ముగించారు. 1958లో అది గ్రంథమైనది. ఆయన జానపద కృషి మాత్రం అటుపిమ్మటా సాగింది. సిద్ధాంత వ్యాసం తొలిమెట్టే గాని తుదిమాట కాదు.

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం గడువు 6 సంవత్సరాలు. తిరిగి నమోదైతే మరి 2; స్త్రీలకు ఇంకొక 2. మైనారిటీ పరిశోధకులకు 2009 నుండి ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2022–23 నుండి నిలిపివేయబడినది. ఇల్లు గడవని వానికి కాలమూ కరువే. కనుక దోషమంతా అలవాట్లదే అనడం న్యాయం కాదు. కాని మిగిలిన ఒక్క గంటను కాపాడుకొనడం మన వశంలోనే ఉన్నది.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. తరగతులు ముగిసిన పిదప గ్రంథాలయంలో ఒక గదిని 2 గంటలు తెరచి ఉంచండి. పక్షానికొకసారి ఉర్దూ, తెలుగు పరిశోధకులు అక్కడ కలిసి తలా రెండు పుటలు చదివి వినిపించాలి. తప్పొప్పులు తరువాత చూచుకొనవచ్చును. “ఎప్పుడు ముగుస్తుంది?” అని కాక, “ఈ పక్షం ఏ రెండు పుటలు?” అని అడుగుదాము.

పూర్వం మన ఊళ్ళలో తలుపులపై “ఓ స్త్రీ, రేపు రా” అని వ్రాసేవారు. దయ్యం అది చదివి నిత్యం వెనుదిరిగేదట. మన పరిశోధకులు అదే మాట తమ తలుపుపై వ్రాసుకొని పట్టాను త్రిప్పి పంపుతున్నారు. ఈ రాత్రికే ఆ వ్రాత తుడిచి ఒక్క పుట వ్రాయండి.