చేసి చూద్దాం: పెట్టె మీద పిట్ట

పిల్లలూ! అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో దర్జీ దుకాణం ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. కుట్టుమిషను చక్రం గుండ్రంగా తిరుగుతుంది. సూది మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది. తిరగడం ఎగరడంగా మారిందన్నమాట!

ఇలా కదలికను మార్చే విద్యతోనే జపానువాళ్ళు పూర్వం బొమ్మలను ఆడించారు. వాటిని కరకురి అంటారు. ఒక బొమ్మ చేతిలో టీ గిన్నె పెడితే అతిథి దగ్గరికి వెళుతుంది. గిన్నె తీయగానే ఆగుతుంది. ఖాళీ గిన్నె మళ్ళీ పెడితే వెనుదిరిగి పోతుంది! బ్యాటరీ లేదు. లోపల స్ప్రింగు, కొయ్య పళ్ళచక్రాలు, మీటలు ఉంటాయి. గిన్నె బరువే దానికి ఆజ్ఞ. ఈ గుట్టును వాళ్ళు దాచలేదు. 1796లో అచ్చయిన హోసోకావా హాంజో పుస్తకంలో లోపలి భాగాల పటాలన్నీ ఉన్నాయి.

మనం అట్టతో చిన్న బొమ్మ చేద్దాం.

కావలసినవి: చెప్పుల పెట్టె, పాత శుభలేఖలు, పెన్సిలు, వెదురుపుల్ల, జిగురు.

పెట్టెను తెరిచిన వైపు మీకు ఎదురుగా ఉండేట్టు నిలబెట్టండి. రెండు పక్కగోడలకూ అడుగునుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున రంధ్రాలు చేయాలి. దబ్బనం పని పెద్దవాళ్ళది. శుభలేఖలు మూడు పొరలుగా అంటించి, 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చక్రం కత్తిరించండి. దాని కేంద్రానికి 1 సెంటీమీటరు ఎడంగా రంధ్రం చేసి, పెన్సిలు దూర్చి, జిగురుతో బిగించండి. పెన్సిలు రెండు కొసలూ గోడల రంధ్రాలలో సులువుగా తిరగాలి.

చక్రానికి సరిగ్గా పైన, పెట్టె కప్పులో కాగితపు గొట్టం అమర్చండి. అందులోంచి పుల్ల దించండి. పుల్ల అడుగున చిన్న అట్టబిళ్ళ, పైన కాగితపు పిట్ట అంటించండి. బిళ్ళ చక్రం మీద ఆనాలి. ఇక పెన్సిలు తిప్పండి. పిట్ట ఎగిరింది!

ఎంత ఎగిరింది? కొలవండి. 2 సెంటీమీటర్లు! రంధ్రం ఎంత ఎడంగా ఉంటే దానికి రెట్టింపు. రంధ్రం నడిమధ్యన పెడితే పిట్ట కదలనే కదలదు. చక్రాన్ని నత్తగుల్ల ఆకారంలో కత్తిరిస్తే మెల్లగా లేచి, టక్కున దిగుతుంది. తిప్పడం మాత్రం ఒకే వైపు.

అమీర్‌పేటకు ఎందరో కంప్యూటరు నేర్చుకోవడానికి వస్తారు. వాళ్ళు ఆజ్ఞలను అక్షరాలతో రాస్తారు. మీరు మీ ఆజ్ఞను కత్తెరతో రాశారు! పిట్ట చెప్పిన మాట వినకపోతే పిట్టను తిట్టకండి, చక్రాన్ని చూడండి. కొన్న బొమ్మ చెడితే మూలపడుతుంది. చేసిన బొమ్మ చెడితే మీరే బాగుచేస్తారు.

సెలవు రోజున పంజాగుట్ట నుంచి మెట్రోలో ఎం.జి.బి.ఎస్. దాకా వెళ్ళి, సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం చూడండి. గంటగంటకూ గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. దాని లోపల ఏముండాలో ఇప్పుడు మీరే ఊహించి, పటం గీయండి.