మైదానం ఎవరిది?

ఆదివారం పొద్దున్నే మన చిన్న పట్టణాల్లో ఏ కాలేజీ గ్రౌండుకైనా వెళ్లి చూడండి. టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే జట్లు నాలుగైదు కనిపిస్తాయి. బ్యాంకు ఉద్యోగులు, ఆటో డ్రైవర్లు, డిగ్రీ కుర్రాళ్లు కలిసే ఆడతారు. ఓడిన జట్టు టీ తాగించాలి. ఓ మూల వాలీబాల్, మరో మూల షటిల్. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది.

మరి ఆడవాళ్లు? ఉన్నారు. చీరకింద బూట్లు వేసుకుని గ్రౌండు చుట్టూ నడుస్తున్నారు. షుగరుకో బీపీకో డాక్టరు చెప్పిన నడక. అంతా అంచు మీదే. మధ్యలోకి రారు. రాకూడదని ఎక్కడా బోర్డు లేదు, అయినా రారు.

ఇంటికొచ్చి పేపర్లో జిల్లా పేజీ తిప్పితే ఒకపక్క టోర్నమెంటు గెలిచిన కుర్రాళ్ల ఫొటో, ఇంకోపక్క 'ప్రేమోన్మాది ఘాతుకం'. వద్దన్న అమ్మాయిని వెంటాడి, బెదిరించి, చివరికి దాడి చేసినవాడికి 'ప్రేమ' అన్న మాట ఎందుకు తగిలిస్తున్నారు? వెంటాడటాన్ని 2013లోనే చట్టం నేరంగా గుర్తించింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. నేరాన్ని నేరమనకపోతే అది విఫలప్రేమ కథగా మారిపోతుంది.

2008 డిసెంబరులో వరంగల్లో కాలేజీ నుంచి ఇంటికొస్తున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ఆ నెలాఖరులోపే చనిపోయింది. దాడి జరిగిన మూడు రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు ఎన్‌కౌంటర్లో చనిపోయారు. చాలామంది హర్షించారు. కానీ విచారణ జరగలేదు, సాక్ష్యం వినలేదు, అంతదాకా ఎందుకు రానిచ్చారని ఎవరూ కోర్టులో జవాబు చెప్పుకోలేదు. తుపాకీ ఆ ప్రశ్నల్ని కూడా మూసేసింది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లల్లో మొదటి నిర్ణయం ఎవరి మీద? అమ్మాయి మీదే. సాయంత్రం ఆట మానేయమంటారు. తర్వాత ట్యూషన్. ఆ తర్వాత పెళ్లి సంబంధం. ఈ సంగతి ఆడపిల్లలకి బాగా తెలుసు. అందుకే ఎవడైనా వెంటపడిన మొదటిరోజు ఇంట్లో చెప్పరు. చెబితే చదువాగిపోతుందన్న భయం. రక్షణ పేరుతో మనం వేసే తాళం చివరికి వెంటాడేవాడికే పనికొస్తోంది. వాడికి కావలసింది ఆమె మౌనమే కదా!

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత అయింది. ఇప్పుడందరం గర్వంగా చెప్పుకుంటున్నాం. ఒక చిన్న పట్టణంలో ఒక ఆడపిల్లకి గ్రౌండులో చోటు దొరికింది కాబట్టే ఆ రోజు వచ్చింది. పతకాలు తేని పిల్లల మాటేమిటి? సరదాగా ఆడి, ఓడి, నవ్వుకుంటూ ఇంటికెళ్లే హక్కు వాళ్లకి లేదా?

ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాల వాడకంలో లింగభేదం చూపరాదంటోంది. 74వ రాజ్యాంగ సవరణ ఆటస్థలాలను మున్సిపాలిటీల బాధ్యతల జాబితాలో చేర్చింది. ఆ మున్సిపాలిటీల్లోనే మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలకు సీట్లు కేటాయించింది. కాబట్టి మనం అడుగుతున్నది దయ కాదు.

ఈ మూడు నెలల్లో మన సంఘాలు మీ ఊరి గ్రౌండుకి ఒకసారి వెళ్లండి. లైట్లు వెలుగుతున్నాయా, ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందా, బడి ఆడపిల్లలకి ఆట నేర్పేవాళ్లున్నారా, చూసి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని వార్డు కౌన్సిలరమ్మ దగ్గరికి వెళ్లండి. ఆమె భర్త దగ్గరికి కాదు, ఆమె దగ్గరికే. వేధింపు ఫిర్యాదు తీసుకెళ్లిన అమ్మాయితో పోలీసు స్టేషనుకి ఒక మనిషైనా తోడు వెళ్లండి. రాజీ కుదిర్చి పంపేస్తామంటే ఒప్పుకోకండి, కేసు నమోదు చేయమనండి.

అన్నిటికన్నా ముందు మన ఇంటి ఆడపిల్లకి ఒక మాటివ్వాలి. 'ఏం జరిగినా మాకు చెప్పు. చెప్పినందుకు నీ చదువూ ఆగదు, నీ ఆటా ఆగదు.' ఈ మాట నిలబెట్టుకోవడానికి చట్టమేమీ మారనక్కర్లేదు. మనం మారితే చాలు.