ఊరిని అడగని ఇంధనం

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర ఏ బంకులో బండి ఆపినా, పోసే పెట్రోలులో దాదాపు అయిదో వంతు ఇథనాలే. 2030 నాటికి అందుకోవాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని అయిదేళ్లు ముందుకు జరిపి, 2025లోనే అందుకున్నామని కేంద్రం భుజాలు చరుచుకుంటోంది. నగరవాసికి మాత్రం మైలేజీ బెంగ పట్టుకుంది. ఆ బెంగ ఉత్తది కాదు. పాత ప్రమాణాలతో తయారైన కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. దాని మీద టీవీల్లో చర్చలు జరిగాయి, సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం వెళ్లింది, వీగిపోయింది.

అదే సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్‌స్టేషన్‌కు వెళ్లి నిర్మల్ బస్సెక్కి, అక్కణ్నుంచి దిలావర్‌పూర్ చేరి ఇథనాల్ మాటెత్తండి. మైలేజీ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. పోలీసు వ్యాను గుర్తుకొస్తుంది.

2024 నవంబరు చివరి వారంలో దిలావర్‌పూర్, గుండంపల్లి చుట్టుపక్కల ఊళ్ల జనం, ఆడా మగా తేడా లేకుండా, వంటావార్పూ రోడ్డు మీదే పెట్టుకుని జాతీయ రహదారిని దిగ్బంధం చేశారు. తమ పొలాల మధ్య లేస్తున్న ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్నది వాళ్ల ఒకే ఒక్క మాట. నెలల తరబడి అర్జీలతో చెబితే వినపడని ఆ మాట, రోడ్డు మూతపడ్డాక ఒకటి రెండు రోజుల్లోనే ప్రభుత్వానికి వినపడింది. పనులు ఆపమన్నారు. ఆ వెంటనే అనుమతి ఇచ్చింది మేం కాదు, మీరేనంటూ పార్టీలు ఒకదాని మీద ఒకటి కాగితాలు విసురుకున్నాయి. అన్ని సంతకాల మధ్య ఊరి సంతకం ఎక్కడుందని మాత్రం ఏ పార్టీ అడగలేదు.

అంతకు ఏడాది ముందే నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇదే జరిగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కంపు, వాగులో కలుస్తున్న వ్యర్థాలు తమ ఆరోగ్యాన్ని, పొలాల్ని పాడుచేస్తున్నాయని అక్కడి రైతులు మొత్తుకున్నారు. 2023 అక్టోబరులో ఒక ట్యాంకరును అడ్డుకుంటే లాఠీలు లేచాయి, కేసులు పడ్డాయి. 2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ వంతు వచ్చింది. పనులు మొదలుపెట్టడానికి వచ్చినవాళ్లతో రైతులు తలపడ్డారు. సామగ్రి తగలబడింది, రైతులు జైలుకెళ్లారు. హింసను ఎవరూ సమర్థించరు. కానీ ఆ రైతులను అలంపూర్ కోర్టుకు బేడీలు వేసి తీసుకెళ్లారు! బేడీలు మామూలు పద్ధతి కాకూడదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో తేల్చి చెప్పింది. గొడవయ్యాక కిందిస్థాయి సిబ్బందిని సస్పెండ్ చేసి పైవాళ్లు చేతులు కడుక్కున్నారు.

మూడు జిల్లాల్లో, మూడు వేర్వేరు కంపెనీలతో ఒకే తగవు ఎందుకు వచ్చింది? ఊళ్లను ఎవరో రెచ్చగొట్టారన్నది పాలకులకు తేలికైన జవాబు. అసలు జవాబు ఢిల్లీ రాజపత్రంలో అచ్చయి ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి డిస్టిలరీ రావాలంటే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. కలెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు ఊరికి రావాలి, షామియానా వేయాలి, జనం అడిగింది రాసుకోవాలి. ఆ తంతు ఎంత నాసిరకంగా జరుగుతుందో తెలియనిదేమీ కాదు. అయినా మైకు ముందు నిలబడి వద్దు అనడానికి రైతుకు చట్టం ఇచ్చిన చోటు అదొక్కటే. అయితే పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసమే ధాన్యంతో నడిచే డిస్టిలరీలను, చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలబోమని హామీ ఇస్తే చాలు, బీ2 కేటగిరీలోకి దించుతూ 2021 జూన్ 16న కేంద్రం సడలింపు ఇచ్చింది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు.

చుక్క కూడా బయటికి రాదన్న హామీ నిజమే అయితే, దాన్ని ఊరి ముందు చెప్పడానికి జంకెందుకు? కాకపోతే, ఆ హామీని నమ్మి సడలింపు ఎందుకు ఇచ్చినట్టు? లక్ష్యం తేదీని ముందుకు జరపాలి, ఫ్యాక్టరీలు త్వరగా లేవాలి, ఊళ్లు అడ్డు చెబితే ఆలస్యమవుతుంది. అందుకే అడగడమే మానేశారు. ఈ నేరంలో రాష్ట్రం చేయీ ఉంది. భారీ ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులిస్తామంటూ 2014లో టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చుకున్నది మనమే. పదిహేను రోజుల్లో బోర్లలో నీళ్లెన్నో, వాగు ఎటు పారుతుందో ఏ అధికారి కనుక్కోగలడు?

ఇథనాల్‌కు వాడే బియ్యం లెక్కలోనూ ఇదే తొందరపాటు. 2021-22లో తెలంగాణ యాసంగి ఉప్పుడు బియ్యం మాకొద్దని కేంద్రం తెగేసి చెబితే, అప్పటి ముఖ్యమంత్రి 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. 2023 జులైలో బియ్యం ధరలు ఎగబాకాయని డిస్టిలరీలకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యాన్ని ఉన్నట్టుండి ఆపేశారు. మళ్లీ 2024-25లో గోదాములు నిండిపోయాయని 52 లక్షల టన్నులు ఇస్తామన్నారు. ధర క్వింటాలుకు 2,250 రూపాయలు. అదే ఏడాది సాధారణ రకం వడ్ల మద్దతు ధర 2,300! పట్టించి, నిల్వ చేసి, మోసుకొచ్చేసరికి ఎఫ్‌సీఐకి సుమారు 4 వేలు పడే బియ్యాన్ని వడ్లకన్నా చౌకగా డిస్టిలరీలకు అప్పగించారు. టన్ను బియ్యానికి 450 లీటర్ల ఇథనాల్ అనుకుందాం. నలభై లీటర్ల కారు ట్యాంకులో ఉండే ఎనిమిది లీటర్ల ఇథనాల్‌ను బియ్యంతోనే తీస్తే 18 కిలోలు కావాలి. తెలంగాణ రేషను షాపులో ముగ్గురు మనుషుల నెల కోటా అది.

మక్క రైతుకు మేలు జరగలేదా అంటే, కొన్నాళ్లు జరిగింది, ఒప్పుకోవాలి. డిస్టిలరీలు పోటీపడి కొన్నప్పుడు ధర పెరిగింది. మక్కలను ఎగుమతి చేసే దేశం దిగుమతి బాట పట్టింది, కోళ్లదాణా ఖర్చు పెరిగి పౌల్ట్రీవాళ్లు లబోదిబోమన్నారు. సర్కారు చౌక బియ్యం వచ్చి పడ్డాక, 2025 వానాకాలం మక్కలు 2,400 మద్దతు ధరకు చాలా తక్కువకే మార్కెట్‌లో పోయాయి.

రైతును అడగకుండా లక్ష్యాలు రాసుకునే ఈ జాడ్యం ఇథనాల్‌తో మొదలైందీ కాదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫా మంత్రం జపించింది. బంజర్లలో, రైలు కట్టల వెంట అడవి ఆముదం నాటితే 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిలే అంది. రైల్వే జోన్ కార్యాలయం రైల్ నిలయం ఉన్న సికింద్రాబాద్‌కు ఆ రోజుల హడావిడి కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వర్షాభావ ప్రాంతాల శాఖ పెట్టి మరీ కానుగ, జట్రోఫా మొక్కలు నాటించింది. నీళ్లు లేకుండా బతకడం వేరు, నీళ్లు లేకుండా కాయడం వేరు. కాయలు రాలేదు, వచ్చినచోట కొనేవాడు లేడు. 2009లో జాతీయ విధానం వచ్చి 20 శాతం గడువును 2017కు జరిపింది. 2018 విధానం బయోడీజిల్ వాటాను 5 శాతానికి కోసి 2030కి నెట్టింది. మొక్కలు నాటిన రైతుకు ఏమైందో ఏ విధానమూ రాయలేదు.

జీవ ఇంధనమే తప్పని ఎవరూ అనడం లేదు. దిగుమతి చమురు బిల్లు తగ్గాల్సిందే, విరిగిన నూకకు గిరాకీ రావాల్సిందే. ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ పల్లె దారి చూపింది కూడా. అక్కడి మహిళా సంఘం అడవిలో కానుగ గింజలు ఏరి, తమ చేతుల్లో ఉన్న మిల్లులోనే నూనె తీసి, ఆ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాల లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మింది. డబ్బు పెద్దదేం కాదు. చెట్టు, మిల్లు, లెక్క మూడూ ఆ ఊరివే. వాళ్లు ఎవరి రోడ్డూ ఆపాల్సిన పని పడలేదు.

తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీ నోటిఫికేషన్‌ను చూపించి తప్పుకుంటే కుదరదు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద ఫ్యాక్టరీ నడపడానికి సమ్మతి ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే. నీళ్ల కేటాయింపూ రాష్ట్రానిదే. కేంద్రం అక్కర్లేదన్నంత మాత్రాన ఊరిని అడగకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. దిలావర్‌పూర్, చిత్తనూరు, పెద్ద ధన్వాడ రైతుల మీద పెట్టిన కేసులు ఎత్తేయాలి. ఇకపై ఏ ఇథనాల్ ఫ్యాక్టరీ దరఖాస్తునైనా, రోజుకు ఎన్ని నీళ్లు తోడుతుంది, వ్యర్థం ఎటు పోతుంది అన్న లెక్కలతో తెలుగులో గ్రామసభ ముందు పెట్టాకే సనత్‌నగర్‌లోని మండలి సమ్మతి పత్రం మీద సంతకం పడాలి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.