మురుగు గట్టున మెట్టతామర

తమ్ముళ్లూ, కంచాలు కడిగే చోట పూలమొక్కలేమిటని మీరు నవ్వుతున్నారట. ఈ హాస్టల్లో ఉన్నప్పుడు మేమూ నవ్వినవాళ్లమే.

బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యింది, ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పొలాలకు నీళ్లు మోశాయి. పల్లంలో ఉన్న మా పేటకు చేరింది మాత్రం మురుగు. ఆ మురుగు పక్కనే, స్నానాల తడిక వెనక, మా అమ్మలు మెట్టతామర పెంచారు. ఎర్రగా పూస్తే చూసుకోవడానికే. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. పీజీకొచ్చాకగాని ఆ పని విలువ మాకు తెలియలేదు.

దీన్ని కొందరు లిల్లీ అంటారు, మనం తామర అంటాం. రెండూ కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. ఎవరో పెట్టిన పేరుతో పిలిపించుకోవడం మనకూ కొత్త కాదులెండి.

గింజ రాయిలా ఉంటుంది, అరగదీసి నానబెడితేగాని మొలవదు. దుంపే మేలు. కన్ను ఉండేలా కోసి, నాలుగు వేళ్ల లోతున, అడుగున్నర ఎడంగా, ఎండపడే చోట నాటండి. గంపెడు పశువుల ఎరువు వేయండి. పూత అయిపోయిన కాడను మొదలంటా కోస్తే పక్క పిలకలు లేస్తాయి. రెండు మూడేళ్లకోసారి దుంపలు విడదీయాలి. ఆకు చుట్టుకుపోతే లోపల పురుగున్నట్టే, విప్పి నలిపేయండి.

మురుగునీటిని శుద్ధిచేసే మడుగుల్లో చాలా దేశాలవాళ్లు ఈ మొక్క వాడుతున్నారు. అయినా, మొక్కలు నాటారు కదా అని సిమెంటు కాలువ కట్టించడం మానేస్తే మేము ఒప్పుకోం. నిలవనీటి దోమ పూలను చూసి పోదు. కాలువ కోసం అర్జీ మీరు రాయండి, సంతకాలకు పాత విద్యార్థులం వస్తాం. దుంపలు కూడా మేమే తెస్తాం, పలుగు సిద్ధంగా ఉంచండి.