భయానికి రుజువు అడుగుతున్నారు, రాసుకోండి

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు కింద ట్రాలీలు తోసే మా వాడ పిలగాడొకడు ఈమధ్య కౌన్సెలింగ్‌కు పోయిండు. పోయిండంటే ఎక్కడికీ పోలేదు, ఫోన్లనే. మూడు నెలలుగా నిద్ర లేదు. గుండె దడ. వెనక బండి ఆగిన చప్పుడైతే చాలు, ఒళ్లంతా చెమట. పక్క ఊరి పెద్దకులం పిల్లతో ప్రేమ, వాళ్లింట్ల తెలిసిపోయింది. పేరు రాయొద్దన్నడు, రాయం.

ఒక గది ఇల్లు, ఆరుగురు మనుషులు. తలుపేసుకుని మాట్లాడే చోటేది? షిఫ్టు దిగినంక బస్టాపులో నిలబడి మాట్లాడిండు. నెత్తి మీద విమానం పోతుంటే అవతల నుంచి కౌన్సెలరమ్మ, 'కొంచెం ప్రశాంతమైన చోటికి వెళ్లి మాట్లాడతారా' అన్నదట. అర్ధగంటకు ఆమె ఫీజు ఇతని రోజు కూలి కన్నా ఎక్కువ.

ఆమె చెడ్డదని మేం అనడం లేదు. మెత్తగనే మాట్లాడింది. 'మీ భయాన్ని కాగితం మీద రాయండి. అది నిజమవుతుందనడానికి రుజువేమిటో పక్కన రాయండి' అన్నది. పరీక్ష తప్పుతానని వణికే పిల్లకు, లిఫ్టు ఎక్కాలంటే బెదిరే మనిషికి ఆ పద్ధతి పనికొస్తది. కాదనం.

కానీ రుజువు అడిగినరు గదా, రాసుకోండి. 2018 సెప్టెంబర్ 14, మిర్యాలగూడ. కడుపుతో ఉన్న భార్యను ఆస్పత్రిలో చూపించుకుని బయటికొస్తున్న ప్రణయ్‌ను ఆమె కళ్లముందే నరికినరు. కోర్టు తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. 2022 మే 4, సరూర్‌నగర్. నాగరాజును నడిరోడ్డు మీద భార్య చూస్తుండగా చంపినరు, ఆమె అన్న చేతిలోనే పోయిండు. అక్కడ అమ్మాయిది ముస్లిం ఇల్లు. దళితుడు అల్లుడైతడంటే అన్ని గడపలకూ ఒకటే రోషం! ఇంకా రాయాల్నా? కాగితం చాలదు.

మూడోసారి మాట్లాడినప్పుడు పిలగాడు గొంతు పెగుల్చుకుని 'మేం ఎస్సీలమండి' అన్నడు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, 'కులం సంగతి పక్కనబెట్టి మీ ఫీలింగ్స్ గురించి మాట్లాడదాం' అన్నదట. పక్కనెట్ల పెడతడమ్మా? అదేమన్నా చెప్పులా, గుమ్మం బయట విడిచి రావడానికి? 'హద్దులు పెట్టుకోండి' అని కూడా అన్నది. ఊరికీ వాడకూ నడుమ హద్దు మా తాతల నాటికే ఉన్నది, పెట్టింది మేం కాదు. అది దాటినందుకే ఈ పిలగాడికి నిద్ర లేదు.

ఆమె చెప్పగలిగింది ఒకటుండె. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు కులాంతర జంటలకు జిల్లా జిల్లాకు ప్రత్యేక సెల్లు, ఇరవైనాలుగు గంటల హెల్ప్‌లైను, తలదాచుకునే ఇళ్లు పెట్టమన్నది. ఆరు నెలలు తిరక్కముందే ప్రణయ్ పోయిండన్నది వేరే మాట. అయినా, 'నీ భయం నిజమైనదే తమ్ముడూ, ముందు నీ ప్రాణం సంగతి చూద్దాం, ఎస్పీకి కాగితం పెట్టు' అని ఉంటే ఆ రాత్రి వాడు కన్ను మూసేవాడేమో. దానికి బదులు శ్వాస లెక్కపెట్టుకోమన్నది.

2017 మానసిక ఆరోగ్య చట్టం, 18వ సెక్షన్, కులవివక్ష లేని వైద్యం హక్కన్నది. గేటు దగ్గర ఆపకపోతే సరిపాయెనా? చెప్పుకున్న దెబ్బను వినకపోవడం ఏమవుతది?

ఇక మన సంగతి. ఈ పిలగాడు ముందుగాల మన దగ్గరికే వచ్చిండు. మీటింగుకు రాలేనన్నా, నిద్ర పడతలేదు అంటే ఏమన్నం? 'ఎర్రగడ్డ కేసా ఏంది నువ్వు' అని నవ్వినం. అంబేద్కర్ బిడ్డకు భయమేందన్నం. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయినంక ఊరూరా ఊరేగింపులు తీసినం, వ్యవస్థ చంపిందన్నం. అది నిజం. అంత మాటన్న మనమే మన పక్కన కూసున్నోడి దడను పిరికితనమంటిమి. మగోడు ఏడిస్తే మనకూ చిన్నతనమే. ఇది రాయడానికి సిగ్గయితుంది, అయినా రాస్తున్నం.

అందుకే కౌన్సెలింగ్ దొరల జబ్బని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం. 2022 అక్టోబర్ 10 నుంచి టెలిమానస్ ఉన్నది. నెంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతది, తెలుగులో మాట్లాడొచ్చు. చేయండి. కానీ అక్కడ ఫోనెత్తేవాళ్లకు కులం అంటే ఏందో నేర్పాలె. ఆ కుర్చీల్లో మన పిల్లలు కూసోవాలె. సైకాలజీ చదివే మన పిల్లలకు స్కాలర్‌షిప్పు సకాలంలో పడాలె. ఎయిర్‌పోర్టు కాంట్రాక్టర్లు పనోళ్లకు ఓ తలుపున్న గదీ, గంట తీరికా ఇయ్యాలె.

పిలగాడు కౌన్సెలింగ్ మానలేదు, మేమూ మానమనలేదు. ఎస్పీకి పెట్టే కాగితం మొన్న రాత్రి మా దగ్గర కూసునే రాసిండు. రుజువుల కాగితం వేరే. వచ్చే మంగళవారం బస్టాపులో నిలబడి ఆమెకు చదివి వినిపిస్తడట.