పటం పాలకులకే కాదు, ప్రజలకూ

ప్రభుత్వ శాఖల వద్ద పోగుపడిన సమాచారం కొండంత. అందులో సామాన్య పౌరుడి చేతికి అందుతున్నది గోరంత. ఊరూరా తవ్విన చెరువులు, వేసిన రోడ్లు, భూగర్భ జలమట్టాలు, పాఠశాలలు, ఆరోగ్య కేంద్రాలు- ఒక్కొక్క అంశంపై లక్షలాది వివరాలు కంప్యూటర్లలోకి ఎక్కాయి. వాటిని పట్టికలుగా పేర్చి కుమ్మరిస్తే నిపుణులు సైతం తికమకపడక తప్పదు. అవే వివరాలను దేశ పటంపై అమర్చి, చూసేవారు రాష్ట్రం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి మండలానికి, చివరకు తమ ఊరికి దిగివచ్చే వీలు కల్పిస్తే, ప్రభుత్వ లెక్కకూ కళ్లెదుటి వాస్తవానికీ మధ్య తేడా ఎంతో సామాన్యుడే తేల్చుకోగలడు. అందువల్ల ఇటువంటి పటాల రూపకల్పనను సాంకేతిక నిపుణులకే సంబంధించిన వ్యవహారంగా భావించి ఊరుకోవడం తగదు. ప్రభుత్వాన్ని ప్రశ్నించే అవకాశం ఎవరికి దక్కుతుందో నిర్ణయించేది ఆ రూపకల్పనే.

మన దేశంలో పటాలు చాలాకాలం ఏలికల సొత్తుగానే ఉండిపోయాయి. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా ఈస్టిండియా కంపెనీ అవసరాల నుంచి పుట్టింది. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన త్రికోణమితి సర్వే శాస్త్ర చరిత్రలో మహత్తర ఘట్టమే అయినా, ఆనాటి పటాలు ప్రధానంగా పరిపాలనకు, సైనిక అవసరాలకు ఉపకరించాయి. స్వాతంత్ర్యానంతరం కూడా భద్రత పేరిట ఆంక్షలు దశాబ్దాల తరబడి కొనసాగాయి. రక్షణ పటాలను, ప్రజలకు అందించదగిన పటాలను వేరుచేసినది 2005 నాటి జాతీయ పటాల విధానం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల బెడద తొలగించింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానాన్ని ప్రకటించింది. తాళమైతే తీశారు గాని, ప్రజలు లోపలికి వచ్చే దారి ఇంకా సుగమం కాలేదు.

ఈ దిశలో చెప్పుకోదగిన ముందడుగు, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రూపొందించగా 2009 ఆగస్టులో ఇస్రో ఆవిష్కరించిన ‘భువన్’. ఉపాధి హామీ పథకం పనులను ఫొటోలతో, అక్షాంశ రేఖాంశాలతో సహా ఈ పటంపైకి ఎక్కించే కార్యక్రమానికి 2016లో శ్రీకారం చుట్టారు. పనికి ముందు, పని జరుగుతుండగా, పూర్తయ్యాక ఫొటోలు తీయాలన్న నియమం తరువాత వచ్చి చేరింది. అలా కోట్లాది పనుల ఆనవాళ్లు ఒకచోట చేరాయి. కాగితం మీది నీటికుంట నేలపై ఉన్నదీ లేనిదీ తేల్చుకోవడానికి అక్కరకు వచ్చే సాధనమిది. అయితే ఆ కుంట తవ్విన కూలీ దానిని వెదకి చూడగలిగినప్పుడే ఇంత శ్రమకూ సార్థకత. సంకేత సంఖ్యలు, ఆంగ్ల సంక్షిప్త పదాలు, లెక్కలేనన్ని పొరల నడుమ తన ఊరినే ఆమె పోల్చుకోలేకపోతే, అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న చందమే అవుతుంది.

పెద్ద పటాన్ని చిన్న తెరపైకి తేవడంలోని కిటుకు అర్థం కానిదేమీ కాదు. పటాన్ని చతురస్రాలుగా విభజించి, చూసేవారికి కావలసినవాటినే పంపుతారు. ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ ప్రతి చతురస్రం నాలుగుగా చీలుతుంది. పది మెట్లు దిగేసరికి వాటి సంఖ్య 10 లక్షలు దాటుతుంది. చిక్కంతా ఏ మెట్టుపై ఏమి చూపాలన్న నిర్ణయంలోనే ఉంది. దేశమంతా కనిపించేచోట లక్షల చుక్కలు గుప్పిస్తే పటం సిరా ఒలికిన కాగితమవుతుంది. పైమెట్టుపై రాష్ట్రాల మొత్తాలు, దాని దిగువన జిల్లాల మొత్తాలు, ఊరి వద్దకు చేరాకనే విడివిడి పనులు చూపడం వివేకం.

పటం తప్పుదారి పట్టించే ప్రమాదమూ లేకపోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లా విస్తీర్ణం 38,401 చదరపు కిలోమీటర్లు, జనాభా 6.7 లక్షలు. కేవలం 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ జిల్లాలో 39.4 లక్షల మంది ఉన్నారు. జిల్లాలకు రంగులు పులిమితే కంటికి ఆనేది ఎడారి; జనసమ్మర్దం చుక్కగా మిగులుతుంది. పైగా, ఆ లెక్కలు సేకరించిననాటి సరిహద్దులు నేడు లేవు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31కి, 2019లో 33కు చేరాయి; ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత అంకెలను కొత్త గీతలపై అతికిస్తే వెనుకబడిన ప్రాంతం మెరుగ్గా కనిపించవచ్చు. నిధులు దారి తప్పవచ్చు. అంతకన్నా పెద్ద పొరపాటు, సమాచారం అందని ఊరిని ‘సున్నా’గా చూపడం. అక్కడ ఆస్పత్రి లేకపోవడం వేరు, ఉన్నదో లేదో శాఖకు తెలియకపోవడం వేరు. ఈ రెంటికీ వేర్వేరు రంగులు ఉండితీరాలి.

2021 అక్టోబరులో ఆరంభమైన గతిశక్తి వేదికపై వెయ్యికి పైగా సమాచార పొరలు పోగయ్యాయి. వాటిని చదవడానికి మంత్రిత్వ శాఖలు శిక్షణ పొందిన సిబ్బందిని నియమించుకోగలవు. రైతుకు, కూలీకి ఆ వెసులుబాటు లేదు. అందుచేత ప్రజల కోసం ఉద్దేశించిన పటం శాఖల వారీ పొరలతో కాక, పౌరుడి ప్రశ్నతో మొదలు కావాలి. ‘మా ఊళ్లో ఏ పని జరిగింది? ఎంత ఖర్చయింది? ఎవరు చేశారు?’ అన్నవే ఆ ప్రశ్నలు. తెలుగులో ‘రామాపురం’ అని వెదికితే ఆ పేరుగల ఊళ్లన్నీ మండలం, జిల్లా పేర్లతో ముందు నిలవాలి. చవకరకం ఫోనులో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట సైతం తెరుచుకోవాలి. ప్రతి అంకె పక్కన తేదీ, ఇచ్చిన శాఖ పేరు ఉండాలి. తప్పు కనిపిస్తే తెలియజేసే వీలు, దానికి జవాబు చెప్పే అధికారి అత్యవసరం. ఊరి చెరువు వివరం అందరిదీ. ఒక కుటుంబం ఆదాయం, అనారోగ్యం మాత్రం పటానికి ఎక్కరాదు.

ఇటువంటి పటాన్ని ఆవిష్కరణ సభలో మంత్రులకు చూపి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. గ్రామసభలో పరీక్షకు పెట్టడమే అసలైన గీటురాయి. తమ ఊరి పద్దును పౌరులు నిమిషంలో చూసుకోగలిగిననాడే ప్రజాధనంతో పోగుచేసిన సమాచారం ప్రజలదవుతుంది.