తనంతట తిరిగే యంత్రం కాదు, పగటి కరెంటు కావాలి

ఒక మోటారు, దానికి బెల్టుతో కలిపిన బరువైన ఇనుప చక్రం, ఆ చక్రానికి ఒక ఆల్టర్నేటరు. ఒకసారి తిప్పి వదిలితే ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటుతోనే మోటారు నడుస్తుందట. మిగిలిన కరెంటుతో బోరు కూడా ఆడుతుందట. డీజిలు అక్కరలేదు, లైను అక్కరలేదు, బిల్లు అసలే లేదు. ‘ఫ్రీ ఎనర్జీ జనరేటర్’ పేరుతో ఇలాంటి వీడియోలు రైతుల ఫోన్లలోకి వస్తున్నాయి. ఐటిఐ చదివిన కుర్రవాళ్లు, వైండింగ్ షాపుల్లో పనిచేసేవాళ్లు వాటిని చూసి స్వయంగా చేయబోతున్నారు.

వారిని మేము ఎగతాళి చేయడం లేదు. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న తపన మంచిదే. అర్ధరాత్రి కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచే రైతుకు ఇలాంటి యంత్రం మీద ఆశ పుట్టడం సహజం. కానీ ఆశకు లెక్క తోడు లేకపోతే జేబు ఖాళీ అవుతుంది.

లెక్క మనకు తెలిసినదే. తూము దగ్గర వదిలిన నీరంతా చివరి పొలానికి చేరదు. దారిలో కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది. వదిలిన దానికంటే ఎక్కువ నీరు చివరి ఆయకట్టుకు చేరిన కాలువను ఎవరమూ చూడలేదు. కరెంటుదీ అదే దారి. మంచి మోటారు 100 పాళ్లు తీసుకుంటే సుమారు 85 పాళ్లే తిప్పే బలంగా ఇస్తుంది. మిగతాది వేడిగా, రాపిడిగా పోతుంది. ఆల్టర్నేటరు దగ్గరా అంతే తరుగు అనుకుంటే చేతికి వచ్చేది 72 పాళ్లు. దాన్నే మళ్లీ మోటారుకు పెడితే రెండో చుట్టుకు 52, మూడో చుట్టుకు 38, నాలుగో చుట్టుకు 27. ఇక బోరుకు మిగిలేదేమిటి?

చక్రం బలం పెంచుతుందంటారు. ఆయిల్ ఇంజనుకు ఉండే పెద్ద చక్రాన్ని అందరం చూశాం. డీజిలు ఆపితే కాసేపు తిరిగి అదీ ఆగుతుంది. అది బలాన్ని దాచుకుంటుందే కాని పుట్టించదు. 50 కిలోల బరువు, 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతున్నా అందులో దాగిన శక్తి 5 హెచ్.పి. పనికి ఏడెనిమిది సెకన్లకు మించి చాలదు. ఆ సమయంలో మడికి నీరు కూడా చేరదు.

ఈ ఆశ మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ న్యూమన్ పెద్ద రాగితీగ చుట్టతో, అయస్కాంతంతో ఒక యంత్రం చేసి, పెట్టిన దానికంటే ఎక్కువ శక్తి ఇస్తుందన్నాడు. 1979లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. పేటెంటు కార్యాలయం కాదంటే కోర్టుకు వెళ్లాడు. చివరికి ఆ దేశపు జాతీయ ప్రమాణాల సంస్థ 1986లో యంత్రాన్ని పరీక్షించింది. పరీక్షించిన ప్రతిసారీ లోపలికి పోయినదే ఎక్కువ, బయటకు వచ్చినదే తక్కువ. ఆ తరువాత కూడా ఎందరో ఔత్సాహికులు సొంత డబ్బుతో రాగితీగ కొని అలాంటి చుట్టలు చుట్టారు. లోకానికి కరెంటు ఇచ్చే యంత్రం మాత్రం ఒక్కటీ రాలేదు.

అందులో చాలామంది మోసగాళ్లు కారు. వారిని తప్పుదారి పట్టించింది కొలత. ఆగి ఆగి, కుదుపులుగా పోయే కరెంటును మామూలు మీటరు సరిగా చూపదు. లోడు లేకుండా వోల్టులు చూసి మురిసిపోవడం ఇంకొక పొరపాటు. ట్రాక్టరు బ్యాటరీ 12 వోల్టులు చూపుతూనే సెల్ఫు తిప్పలేని రోజులు మనకు తెలియనివి కావు. అందుకే ప్రయోగాలు చేసే తమ్ముళ్లకు మా సలహా ఒక్కటే: వోల్టులు కాదు, యూనిట్లు కొలవండి. లోపలికి ఎన్ని పోయాయో, బయటకు ఎన్ని వచ్చాయో పలక మీద రాసుకోండి.

రైతులకు చెప్పేది ఇంకొకటి. ఎవరైనా ఇలాంటి యంత్రం అమ్మడానికి వస్తే అడ్వాన్సు ఇవ్వకండి. లైనుకు గాని, బ్యాటరీకి గాని, డీజిలుకు గాని సంబంధం లేకుండా మీ పొలంలోనే ఒక పగలు, ఒక రాత్రి 5 హెచ్.పి. మోటారుతో నీళ్లు పోయించి చూపమనండి. కాగితాలు, వీడియోలు చూపితే చాలదు.

మన కుర్రవాళ్ల నేర్పుకు నిజమైన పని ఊళ్లోనే ఉంది. పంపుసెట్లకు కెపాసిటర్లు బిగిస్తే లైను మీద భారం తగ్గి లో వోల్టేజీ బాధ తగ్గుతుంది. సన్నటి పైపులు, అరిగిన ఫుట్‌వాల్వులు మింగేసే కరెంటు తక్కువేమీ కాదు. ఆ నష్టాన్ని కొలిచి తగ్గించే పిల్లవాడు ఊరికి నిజంగా కరెంటు మిగిల్చినవాడవుతాడు.

ఉచిత కరెంటు మనకు ఏ చక్రం నుంచీ రాలేదు. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకు వ్యతిరేకంగా కదిలిన జనంపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఉద్యమాల ఒత్తిడితోనే 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆ కరెంటును కూడా ఎక్కడో బొగ్గుతోనో, నీటితోనో తీయాల్సిందే. ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది, తిండి పండించేవాడికి అది న్యాయంగా రావలసింది.

కాబట్టి పగటిపూటే అంతరాయం లేని త్రీఫేజు కరెంటు ఇవ్వాలని, కాలిన ట్రాన్స్‌ఫార్మరును రైతు మీద ఖర్చు వేయకుండా 48 గంటల్లో మార్చాలని అడుగుదాం. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో సోలారు పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం సబ్సిడీ ఇవ్వాలని ఉంది. మిగతా 40 శాతం చిన్న రైతుకు మోయలేని బరువు. దాన్ని తగ్గించాలని, భూమి కాగితం లేని కౌలు రైతుకూ పంపు అందాలని పట్టుబడదాం. ఎండ నుంచి వచ్చే ఆ కరెంటును ఏ మీటరైనా చూపుతుంది. వచ్చే నెల గ్రామశాఖ సమావేశాల్లో ఈ కోర్కెలపై తీర్మానాలు చేసి సబ్‌స్టేషను అధికారులకు అందజేయాలని సభ్యులందరినీ కోరుతున్నాము.